ఇనప ప్లేట్లు, చానెళ్లు దించేటప్పుడు వేళ్లు, నడుములు పోకుండా ఏం చెయ్యాలి?

రాయగడ షెడ్డు

అందరికీ నమస్కారం. ఒడిశాలో రాయగడ దగ్గర మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గేట్లు, ట్యాంకు స్టాండ్లు, రేకుల షెడ్డు ట్రస్సులు చేస్తాం. వెల్డర్లు, హెల్పర్లు కలిపి తొమ్మిది మంది. సరుకు విశాఖ నుంచో రాయపూర్ నుంచో లారీలో వస్తాది. 8×4 అడుగుల ప్లేట్లు 6 నుంచి 12 మి.మీ. మందం దాకా, 75, 100 మి.మీ. చానెళ్లు (U ఆకారం ఇనుము), 50 మి.మీ. యాంగిళ్లు (L ఆకారం), అప్పుడప్పుడూ 12, 16 మి.మీ. రాడ్ల కట్టలు. క్రేను లేదు, చేతులతోనే దించుతున్నాం. వేళ్లు నలగడం, పాదం మీద పడడం, నడుం పట్టేయడం తరచూ అవుతోంది. గ్లౌజులు, బూట్లు కొనిచ్చాను, అయినా తగ్గలేదు. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

జయపురం రిగ్గింగ్

బూట్లు, గ్లౌజులు చివర్న వచ్చే మాట అన్నా. ముందు బరువు తెలియాలి. ఇనుము ఘనపు మీటరుకు 7,850 కిలోలు. అంటే చదరపు మీటరు ప్లేటు ప్రతి మి.మీ. మందానికీ 7.85 కిలోలు తూగుతుంది. మీ 8×4 ప్లేటు 2.97 చ.మీ., కాబట్టి మి.మీ.కు 23 కిలోల పైచిలుకు. 6 మి.మీ. ప్లేటు 140 కిలోలు, 8 అయితే 187, 10 అయితే 233, 12 అయితే 280. 100 చానెల్ మీటరుకు తొమ్మిదిన్నర కిలోలు, 6 మీటర్ల ముక్క 57. 50×6 యాంగిల్ మీటరుకు నాలుగున్నర. రాడ్డుకి వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 రాడ్డు పూర్తి 12 మీటర్ల పొడవు 10.7 కిలోలు, 16 రాడ్డు దాదాపు 19. సరుకు దిగగానే ప్రతి దాని మీదా సుద్దతో బరువు రాయించండి. ఖర్చు లేని పని. 12 మి.మీ. ప్లేటు చూసి 'అబ్బే, నలుగురం చాలు' అనుకోవడం ఆ అంకె కనబడితే ఆగుతుంది.

ఇక 6 మి.మీ. ప్లేటును నలుగురు పడితే తలా 35 కిలోలే కదా అన్న లెక్క. అది కాగితం మీద లెక్క. ప్లేటు వంగదు, మీ యార్డు నేల చదునుగా ఉండదు. ఒకడి అడుగు గుంటలో పడితే అతని మూల తేలిపోతుంది, బరువంతా ఎదురెదురు మూలల్లో ఉన్న ఇద్దరి మీదకు వస్తుంది. బ్రిటన్ ఆరోగ్య భద్రతా శాఖ చెప్పే అంచనా ప్రకారం ఇద్దరు కలిసి ఎత్తగలిగేది వాళ్ల విడివిడి బలాల మొత్తంలో మూడింట రెండు వంతులు, ముగ్గురైతే సగమే. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్య భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ ఎత్తే పనికి వేసిన సూత్రం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషికి 23 కిలోల దగ్గరే మొదలవుతుంది. వంగితే, పక్కకు తిరిగితే, దూరంగా పట్టుకుంటే అక్కణ్ణుంచి తగ్గుతూ పోతుంది. ఈ లెక్కన 6 మి.మీ. పూర్తి ప్లేటే చేతుల పని కాదు.

అందుకే డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక ఫోను చెయ్యండి. మీకు కావలసిన కొలతలకు ప్లేటు కోయించి పంపగలరేమో సరఫరాదారుణ్ణి అడగండి. 8×4ని అడ్డంగా రెండు చేస్తే 6 మి.మీ. ముక్క 70 కిలోలు. అదీ ఎక్కువే గానీ ట్రాలీకి లొంగుతుంది. 10, 12 మి.మీ. ఉన్న లోడుకి మాత్రం హైడ్రా (చక్రాల మీద తిరిగే క్రేను) అద్దెకు తెచ్చుకోవడమే. నాలుగు లోడ్లు కూడబెట్టి ఒకే రోజు రప్పించుకుంటే గిట్టుబాటవుతుంది.

వేళ్లు నలిగేది ఎత్తేటప్పుడు అనుకుంటారు. ఎక్కువగా దించేటప్పుడు. నేల మీద చెక్క లేకుండా ప్లేటు దించుతారు, కింద వేళ్లు ఇరుక్కుంటాయి. లేదా ప్లేటు గాల్లో ఉండగా ఎవడో చెక్క తోయడానికి చెయ్యి పెడతాడు. ప్లేటు రాకముందే 75 మి.మీ. ఎత్తు చెక్క దిమ్మలు మూడు వరసలు పరిచి ఉండాలి, మీటరుకు ఒకటి చొప్పున. ప్లేటు మీద ప్లేటు పేరిస్తే మధ్యలో వేసే దిమ్మలు సరిగ్గా కింది దిమ్మల మీదే రావాలి, లేకపోతే ప్లేటు వంగి తర్వాత తీసేటప్పుడు ఎగిరిపడుతుంది. దిమ్మను సర్దాల్సి వస్తే రెండడుగుల సన్న రాడ్డు పిడిగా కొట్టించిన దిమ్మ వాడండి, చెయ్యి ప్లేటు కిందకు వెళ్లే అవసరం ఉండదు. గునపంతో లేపినప్పుడు ముందు దిమ్మ, తర్వాత చెయ్యి. గునపానికి కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడొద్దు, అది జారితే పైకి వచ్చి కొట్టేది అక్కడే.

ప్లేట్లను గోడకు ఆనించి నిలబెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానండి. చోటు కలిసొస్తుందని చాలా షెడ్లలో పెడతారు. అయిదు 6 మి.మీ. ప్లేట్లు 700 కిలోలు. వెనకది కావాలని ముందు నాలుగింటినీ ఒకడు భుజంతో ఆపుతాడు, ఇంకొకడు లాగుతాడు. నిటారుకు దగ్గరగా ఉన్నంతసేపు ఏమీ బరువనిపించదు. తూకం దాటాక ఏ మనిషీ ఆపలేడు. నిలబెట్టక తప్పదంటే ఒక్కో ప్లేటుకు విడిగా గూడు ఉన్న స్టాండు చేయించండి, మీ పనే కదా అది.

బల్లార్షా స్టోర్‌యార్డ్

ప్లేట్ల సంగతి అన్న చెప్పిండు. నేను రాడ్ల కట్టలు, చానెళ్లు, లారీ మాట చెప్త.

రాడ్ల కట్ట మధ్యకు మడిచి లారీల ఏస్తరు చూడున్రి, అది స్ప్రింగు లెక్క. కట్టిన వైరు కోయంగనే మడత ఇప్పుకుంట కొసలు విసిరినట్టు లేస్తయ్. ముఖం మీద, గొంతు మీద తగులుతయ్. కోసేముందు మడత దగ్గర తాడుతోని రెండు చుట్లు బిగియ్యాలె. కొసల దిక్కు ఎవ్వలు ఉండొద్దు, మడత లోపల అస్సలే నిలవడొద్దు. పొడుగు పిడి కటర్‌తోని పక్కకు నిలవడి కోసి, తాడు కొంచెం కొంచెం వదులు చెయ్యాలె. ఉలి, సుత్తి పెట్టి కొడితె మనిషి దాని మీదకు వంగాల్సొస్తది, అది వద్దు. కళ్లద్దాలు ఇక్కడ తప్పకుంట కావాలె. స్టీలు పట్టీ కట్టిన కట్టలకు సుత ఇదే లెక్క.

కట్టు వైరుకు కొక్కెం పెట్టి కట్టను ఎత్తుడు మస్తు చోట్ల చూస్త. ఆ కట్టు వైరు కట్టను కలిపి ఉంచేటందుకే, మోసేటందుకు కాదు. పుటుక్కున తెగుతది.

ఇద్దరు కలిసి పొడుగు రాడ్లు మోస్తె ఇద్దరు ఒక్క దిక్కు భుజం మీదనే పెట్టుకోవాలె. ఎనకోడు లెక్క పెట్టాలె, ఇద్దరు ఒక్కసారే ఇడవాలె. ఒకడు ముందు ఇడిస్తె రాడ్డు ఊగి రెండోని మెడ, భుజం ఎముక మీద కొడ్తది. 12 రాడ్లు అయిదు కలిపితె 53 కిలోలు, ఇద్దరికి అంతకు మించి వద్దు. నా లెక్కల అది సుత ఎక్కువే, మూడు చాలు.

ఇంకోటి, ఇది పాణం తీసేది. 12 మీటర్ల రాడ్డును నిలువు లేపెటప్పుడు, మలుపు తిప్పెటప్పుడు పైన కరెంటు తీగ చూడాలె. 11 కె.వి. లైనుకు తగలకున్నా, దగ్గరికి పోయినా గుంజుతది. మీ షెడ్డు ముంగట లైను ఉంటె దాని కింద సరుకు దించే జాగ పెట్టకున్రి, లారీ ఇంకో దిక్కు ఆపున్రి. హైడ్రా వచ్చినప్పుడు బూమ్‌కు సుత ఇదే మాట.

లారీ మీది చానెళ్లు ఒకదాన్ల ఒకటి ఇరికి వస్తయ్. డాలా (లారీ తలుపు) తెరవంగనే మీద ఉన్నయ్ జారి పడ్తయ్, తొవ్వల కట్టలు కదిలి ఉంటయ్ కదా. డాలా తెరిచేటోడు దాని ముంగట కాదు, పక్కకు నిలవడాలె. ముందు అవతలి దిక్కు నుంచి సూసి, జారేటట్టుంటె తాడుతోని కట్టినంకనే తెరవాలె. చక్రాలకు అడ్డు ఎయ్యాలె, డ్రైవర్ క్యాబిన్ల ఉండొద్దు. గుండ్రం పైపులు, షాఫ్టులు అయితె రెండు దిక్కుల చెక్క చీలలు కొట్టినంకనే కట్టు ఇప్పున్రి.

సరుకును కిందికి తోసుడు గురించి ఒక మాట. పాత టైర్ల మీద ప్లేటు పడేస్తరు మస్తు మంది. టైరు దాన్ని ఎగరేస్తది, ఏ దిక్కు పోతదో చెప్పలేం. క్రేను లేకుంటె రెండు బలమైన చానెళ్లు లారీ అంచు నుంచి నేల దాంక ఏటవాలుగ ఆనించి, పైన కొక్కేలతోని జారకుంట పట్టించి, ప్లేటుకు ఎనక నుంచి చైన్ బ్లాకు (గొలుసు కప్పీ) తోనో, గుంజకు రెండు చుట్లు చుట్టిన తాడుతోనో ఆపుకుంట దించాలె. కింది దిక్కు ఒక్కడు సుత ఉండొద్దు. ఎండాకాలం మా దిక్కు మధ్యాహ్నం ప్లేటు ముట్టుకుంటె కాలుతది, గ్లౌజులు చెమటకు జారుతయ్. అందుకే లోడు పొద్దుగాల దించుకుంటె మేలు. వానల తడి ప్లేటు మీద ప్లేటు అయితె ఇంకా అన్యాయం, నూనె పూసిందయితె చెప్పనే వద్దు.

పర్లాకిమిడి వెల్డర్

బూట్ల మాట నేను చెప్తాను, ఎందుకు తగ్గలేదో. ఐ.ఎస్. 15298 పార్ట్ 2 మార్కు ఉన్న సేఫ్టీ బూటు ముందు టోపీ 200 జౌళ్ల దెబ్బ ఆపాలి. 20 కిలోల వస్తువు మీటరు ఎత్తు నుంచి పడితే దాదాపు అంతే. 6 మి.మీ. పూర్తి ప్లేటు అదే దెబ్బ కొట్టడానికి 15 సెంటీమీటర్ల ఎత్తు చాలు, అంటే జానెడు కూడా కాదు. పైగా ఆ టోపీ వేళ్ల మీదే ఉంటాది, పాదం పై భాగం మీద కాదు. చానెల్ అంచు పడేది సరిగ్గా టోపీ వెనక. ఆ ఎముకల మీద కప్పు ఉన్న మెటాటార్సల్ బూట్లు వేరే దొరుకుతాయి, దింపుడు పనివాళ్లకు అవి ఇవ్వండి. చెప్పులతో వచ్చే హమాలీలను లారీ దగ్గరకు రానివ్వకండి, వాళ్లు మీ మనుషులు కాకపోయినా సరే.

గ్లౌజులు గీతలు, బర్ (కోసిన అంచున మిగిలే ముళ్లు) ఆపుతాయి, నలగడాన్ని ఆపలేవు. షీరింగ్ అంచు, గ్యాస్ కటింగ్ అంచు గ్రైండర్‌తో ఒకసారి మొండి చేసి పేరిస్తే సగం కోతలు పోతాయి. డ్రిల్లు మెషిన్ దగ్గర మాత్రం గ్లౌజు తీసెయ్యాలి, బిట్టుకి చుట్టుకుంటే వేలు కూడా పోతాది. కోసిన ముక్క ఎర్రగా లేదని ముట్టుకోవద్దు, నల్లబడ్డాక కూడా చాలాసేపు చర్మం ఊడేంత వేడి ఉంటాది. ముక్క మీద సుద్దతో 'వేడి' అని రాసి పెడితే పక్కవాడు బతుకుతాడు. ఉంగరాలు, కడియాలు పనిలో వద్దు.

బరంపురం ఫిజియో

నడుం గురించి. బరువు ఎంతో దానికంటే, అది శరీరానికి ఎంత దూరంలో ఉంది, ఎత్తేటప్పుడు తిరుగుతున్నామా అన్నవి ఎక్కువ హాని చేస్తాయి. 8×4 ముక్కను శరీరానికి దగ్గరగా పట్టుకోలేరు, అదే దాని అసలు ఇబ్బంది. కాబట్టి పట్టే పద్ధతి నేర్పడం కంటే పని ఎత్తు మార్చడం మేలు. కటింగ్, గ్రైండింగ్ నేల మీద కూర్చుని చేసే షెడ్డైతే నడుము ఎత్తు బల్లలు చేయించండి. సరుకు నేల మీద కాకుండా మోకాలు, భుజం మధ్య ఎత్తులో ఉంటే వంగడం తగ్గుతుంది. ఎత్తక తప్పనప్పుడు పాదాలు ఎడంగా, తుంటి దగ్గర వంగి, వస్తువును పొట్టకు ఆనించుకుని లేవాలి. తిరగాలంటే నడుము కాదు, పాదాలు తిప్పాలి. గంటసేపు గ్రైండర్ దగ్గర వంగి కూర్చున్నవాణ్ణి లేపి వెంటనే లోడు దించమంటే డిస్కు పోయే అవకాశం ఎక్కువ, అయిదు నిమిషాలు నడిచి రానివ్వండి.

నడుం పట్టేస్తే వారాలపాటు మంచం మీద పడుకోబెట్టొద్దు. ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడుస్తూ ఉంటేనే త్వరగా తగ్గుతుంది. అయితే కాలు మొద్దుబారుతూ బలం తగ్గుతున్నా, పాదం పైకి లేవకపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆ లక్షణాలకు తైలం మర్దనా, ఎముకలు సర్దేవాళ్లూ పనికిరారు, ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకోరు.

వేలు నలిగితే మొదట ఉంగరం తీసెయ్యండి, వాపు వచ్చాక రాదు. గాయం శుభ్రమైన నీళ్లతో కడిగి, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా పది నిమిషాలు వదలకుండా నొక్కి, చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టండి. పసుపు, కాఫీ పొడి, కిరసనాయిలు పొయ్యొద్దు. డాక్టరు అవన్నీ మళ్లీ కడగాలి. గోరు కింద నల్లగా రక్తం చేరి బాగా పోటుగా ఉంటే ఎక్స్‌రే అవసరం, లోపల ఎముక చిట్లి ఉండొచ్చు. మురికి గాయమైతే ధనుర్వాతం ఇంజెక్షన్ అయిదేళ్లలోపు వేసి ఉండకపోతే మళ్లీ వెయ్యాలి.

వేలు తెగిపోతే ఆ ముక్కను వెతకండి. సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, నీళ్లు చొరబడని సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచండి. ముక్కను నేరుగా ఐసు మీద పెడితే చచ్చిపోతుంది, నీళ్లలో నానబెట్టినా పాడవుతుంది. అతికించే సర్జరీ అన్ని చోట్లా ఉండదు. మీ దగ్గర జిల్లా ఆసుపత్రిలో రక్తం ఆపించుకుంటూనే, విశాఖలో ఎక్కడ చేస్తారో ఫోను చేసి కనుక్కుని బయల్దేరడం మంచిది. ఈ నంబర్లు ముందే గోడ మీద రాసి ఉండాలి. 108 ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ పనిచేస్తుంది.

కాలు లోడు కింద ఇరుక్కుంటే లాగొద్దు. జాకీతోనో చైన్ బ్లాకుతోనో బరువు లేపి, వెంటనే దిమ్మ వేసి అప్పుడు తియ్యండి. చాలాసేపు ఇరుక్కుని ఉంటే తియ్యకముందే 108 పిలిచి ఎంతసేపైందో చెప్పండి, నలిగిన కండరం నుంచి వచ్చే విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె, కిడ్నీలు దెబ్బతింటాయి. చర్మం చిట్లకపోయినా పిక్క రాయిలా గట్టిపడి, వేళ్లు కదిపితే భరించలేని నొప్పి వస్తే అది కూడా గంటల్లో ఆపరేషన్ అవసరమయ్యే స్థితి.

రాయగడ షెడ్డు

అందరికీ చాలా థాంక్స్. కోయించి తెప్పించుకోవడం నాకు తట్టలేదు, రేపే అడుగుతాను. రెండు సందేహాలు. ఒకటి, ఒక టన్ను చైన్ బ్లాకు, దానికి ప్లేటు క్లాంపు (ప్లేటు అంచు పట్టే దవడ) కొందామనుకుంటున్నా. దాన్ని వేలాడదీసే గాంట్రీ స్టాండు మేమే చేసుకోవచ్చా? రెండోది, నడుం బెల్టులు కొనమని దుకాణంలో చెప్తున్నారు, పనికొస్తాయా?

బరంపురం ఫిజియో

బెల్టుల గురించి నియోష్ 1994లోనే పరిశీలించింది. గాయం లేని పనివాళ్లకు అవి నడుం గాయాలు ఆపుతాయనడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. బెల్టు ఉందని ఇంకో పది కిలోలు ఎక్కువ ఎత్తే ధైర్యం వస్తుంది, అంతే. ఆ డబ్బు ట్రాలీకి పెట్టండి.

జయపురం రిగ్గింగ్

గాంట్రీ మీరే వెల్డింగ్ చేసుకోగలరు గానీ, డిజైను ఇంజనీరుతో వేయించండి. చక్రాలున్న స్టాండు బరువుతో నెడితే పక్కకు ఒరిగే ప్రమాదమే ఎక్కువ, కాళ్ల వెడల్పు అందుకే లెక్క కట్టాలి. వాడకముందు సామర్థ్యం కంటే పావు వంతు ఎక్కువ బరువుతో పరీక్ష చేయించి, సామర్థ్యం దాని మీద పెయింటుతో రాయండి. చైన్ బ్లాకు, స్లింగులు (లోడు చుట్టూ వేసి ఎత్తే తాళ్లు, గొలుసులు, బెల్టులు) ఏడాదికోసారి అర్హత ఉన్న పరీక్షకుడితో చూపించడం ఫ్యాక్టరీల చట్టం 1948 సెక్షన్ 29 నుంచి వస్తున్న నియమం. మీ షెడ్డుకి చట్టం వర్తించకపోయినా ఇనుముకు అది తెలియదు కదా.

క్లాంపు దగ్గర ఒక చిక్కుంది. నిలువు క్లాంపు బరువుతోనే ప్లేటును కొరుకుతుంది. అందుకని చాలామంది తయారీదారులు సామర్థ్యంలో పదో వంతో అయిదో వంతో కనీస బరువు పెడతారు. అయిదో వంతు అని ఉంటే ఒక టన్ను క్లాంపుకి 200 కిలోలు. మీ 6 మి.మీ. ప్లేటు 140 కిలోలే, అది జారుతుంది. అర టన్ను క్లాంపు తీసుకోండి, మీ పూర్తి ప్లేట్లన్నీ దాంట్లోకి వస్తాయి. సగం కోసిన 70 కిలోల ముక్కకు మాత్రం దాని కనీస బరువు చూసుకోండి. దాని మీద రాసిన దవడ మందం మీ ప్లేట్లకు సరిపోతుందా చూడండి. ఒకసారికి ఒకే ప్లేటు, రెండు కలిపి ఎప్పుడూ వద్దు. పళ్లలో తుప్పు పొట్టు, పెయింటు చేరితే వైరు బ్రష్‌తో తియ్యాలి, పళ్లు అరిగితే పారెయ్యాలి. పెయింటు వేసిన ప్లేటును క్లాంపుతో ఎత్తొద్దు. చవకని మ్యాగ్నెట్ లిఫ్టర్ వైపు పోకండి, దాని మీద రాసిన సామర్థ్యం మందపాటి శుభ్రమైన ప్లేటుకు. 6 మి.మీ. ప్లేటుకు చాలా తగ్గిపోతుంది, పొడుగు ప్లేటు వంగి అంచు నుంచి ఊడిపోతుంది.

రెండు కాళ్ల స్లింగుతో చానెళ్ల కట్ట ఎత్తితే కోణం చూడండి. 500 కిలోల కట్టకు స్లింగు నేలతో 60 డిగ్రీలు ఉంటే ఒక్కో కాలు మీద 289 కిలోలు, 45 అయితే 354, 30 అయితే 500. పొట్టి స్లింగు వేస్తే తెగేది ఇందుకే. పదునైన అంచు దగ్గర పాత రబ్బరు గొట్టం ముక్క పెట్టకపోతే బెల్టు స్లింగు కత్తితో కోసినట్టే తెగుతుంది. వైరు రోప్ స్లింగులో ఒక మెలిక పొడవులో (ఒక పాయ పూర్తిగా ఒక చుట్టు తిరిగే మేర) పది తీగలు తెగి కనిపించినా, ఒకే పాయలో అయిదు తెగినా గ్యాసుతో కోసి తుక్కులో వెయ్యండి. ఊరికే పక్కన పడేస్తే రేపు ఇంకెవడో తీసి వాడతాడు. గొలుసును వెల్డింగ్‌తో అతకొద్దు, మీ వెల్డర్ ఎంత మంచివాడైనా. లోడుకు పక్కన తాడు కట్టి దూరం నుంచి తిప్పండి, చేత్తో కాదు. మీ దగ్గర తెలుగు, ఒడియా, కువి మాట్లాడేవాళ్లు కలిసి పనిచేస్తారు కాబట్టి సైగ చేసేది ఒక్కడే ఉండాలి. 'స్టాప్' మాత్రం ఎవరు అరిచినా ఆగాలి.

పర్లాకిమిడి వెల్డర్

ఒకటి మర్చిపోయారు అందరూ. మీరు తొమ్మిది మందే అన్నారు, పదిమంది అయితే ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తాది. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు, పనిలో దెబ్బ తగిలి ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చెయ్యలేకపోతే సగటు రోజుకూలిలో 90 శాతం వస్తాది. పదిమంది కంటే తక్కువైతే పరిహారం యజమానే ఇవ్వాలి, 1923 నాటి పరిహార చట్టంలోని ఆ బాధ్యత 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. అందుకని తొమ్మిది మందికీ బీమా పాలసీ తీసుకుని, దెబ్బ తగిలిన రోజే తేదీ, టైము, ఏ పనిలో, ఎవరు చూశారు అన్నది రిజిస్టర్లో రాయించండి. ఆసుపత్రి చీటీ మీద 'పనిలో తగిలిన గాయం' అని డాక్టరుతో రాయించుకోవాలి. 'ఇంట్లో జారి పడ్డాడు' అని రాయిస్తే తర్వాత ఒక్క రూపాయి రాదు.